నీడ పొట్టిదైతే ఎండ గట్టిది: బడిపిల్లలకు ఇలా చెప్పండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. నేను పీఈటీని. ఆగస్టు 15కి పరేడ్ ప్రాక్టీస్ చేయిస్తుంటే, నల్లబడిపోతామని ఆడపిల్లలు గ్రౌండుకు రామంటున్నారు. కొందరు తెల్లబడే క్రీములు కూడా పూసుకుంటున్నారు. ఒళ్లు, జుట్టు, కనుబొమలు అన్నీ తెల్లగా ఉండే బాబు ఒకడున్నాడు. మబ్బు పట్టిన రోజే, గంటసేపు నిలబడేసరికి వాడి మెడ, చెవులు కమిలి బొబ్బలొచ్చాయి. ఎందుకిలా? పిల్లలకు ఎండ గురించి ఏం చెప్పాలి?
- ఒక టీచర్

సలహా: టీచర్ గారూ, ముందు ఆ బాబు సంగతి. మీరు రాసినదాన్ని బట్టి అది ఆల్బినిజం కావచ్చు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పుట్టుకతోనే తయారుకాకపోవడమో, బాగా తక్కువగా తయారవడమో దీనికి కారణం. ఇది అంటుకునేది కాదు. కానీ ఏళ్ల తరబడి ఎండ తగిలితే ఇలాంటి పిల్లలకు చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. చూపు కూడా తక్కువగా ఉంటుంది. పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదువుతున్నాడా, వెలుతురులో కళ్లు చికిలిస్తున్నాడా గమనించి ముందు బెంచీలో కూర్చోబెట్టండి. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుకు, కంటి డాక్టరుకు చూపించమని తల్లిదండ్రులకు చెప్పండి. చూపు బాగా తక్కువని తేలితే సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ గురించి కూడా అక్కడే అడగమనండి. పరేడ్ నుంచి మాత్రం వాడిని తప్పించకండి. ఫుల్ చేతుల చొక్కా, ప్యాంటు, చుట్టూ వెడల్పాటి అంచున్న టోపీ, సన్‌స్క్రీన్ ఉంటే పొద్దున్నే అందరితో కలిసి నడవగలడు.

బొబ్బలను చిదపకూడదు. చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ వేయాలి. ఐసు, టూత్‌పేస్టు వద్దు. జ్వరం, వాంతులు ఉన్నా, బొబ్బలు ఎక్కువవుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మబ్బులో ఎందుకు కమిలిందన్నారు కదా, పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఎండలో వేడి వేరు, చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలు వేరు. వేడి ఒంటికి తెలుస్తుంది, ఈ కిరణాలు తెలియవు. పల్చటి మబ్బుల్లోంచి చాలావరకు కిందికి వచ్చేస్తాయి. పైగా అనంతపురంలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఏప్రిల్ చివర్లో ఒకసారి, మళ్లీ ఆగస్టు రెండో వారంలో, అంటే మీ ప్రాక్టీస్ రోజుల్లోనే. వాన గాలికి చల్లగా ఉంది కదా అని మనం ఏమరుపాటుగా ఉంటాం.

గ్రౌండులో ఒక కర్ర నాటించి, గంటగంటకూ దాని నీడను పిల్లలతోనే కొలిపించండి. నీడ కర్ర కంటే పొడుగ్గా ఉన్నంతసేపు ఆడుకోవచ్చు. పొట్టిదైతే చెట్టు కిందికో వరండాలోకో రావాలి. ఆగస్టులో ఉదయం తొమ్మిదిన్నరకల్లా నీడ పొట్టిదైపోతుంది. కాబట్టి ప్రాక్టీస్ తొమ్మిదిలోపు ముగించండి, లేదా సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. మన దగ్గర రోజూ సూర్యుడు అన్నిటికంటే పైకి చేరేది సుమారు 12:20కి. వేసవిలో ఒంటిపూట బడి వదిలేదీ దాదాపు ఆ వేళకే. నడిచి ఇళ్లకు వెళ్లే పిల్లలకు గొడుగో, తలకు తువ్వాలో ఉండేలా ఇప్పటి నుంచే అలవాటు చేయండి.

శెనక్కాయ చేలో కలుపు తీసే అమ్మలను గుర్తు చేయండి. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా, తలకు గట్టిగా చుట్టిన గుడ్డ. నా దృష్టిలో బడిపిల్లలకు మొదట నేర్పాల్సింది అదే. సన్‌స్క్రీన్ కొనగలిగితే ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 గానీ ఆపైది గానీ తీసుకుని, రెండు వేళ్ల పొడవునా పిండి, ముఖానికి, మెడకు బయటికి వెళ్లే పావుగంట ముందు రాసుకోవాలి. ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి.

దయచేసి "ఎండలోకి వెళ్తే నల్లబడతారు" అని మాత్రం భయపెట్టకండి. ఆ నలుపు చర్మం తనకు తానే పట్టుకునే గొడుగు. మనవాళ్లలో చర్మ క్యాన్సర్ తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం మెలనినే. అది లేకనే ఆ బాబుకు అంత త్వరగా కమిలింది. ఎండకు కొత్తగా వచ్చిన నలుపు నెమ్మదిగా తగ్గిపోతుంది. అలాగని మనకేమీ కాదనుకోకూడదు. మన చర్మమూ కములుతుంది, మచ్చలు పడతాయి, ఏళ్లు గడిచేకొద్దీ కళ్లలో శుక్లాలకూ ఎండ ఒక కారణం.

నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది ఆ క్రీముల మాట. ట్యూబులు తెచ్చి చూపించమనండి, తిట్టకుండా అడగండి. వాటి మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ లాంటి పేర్లుంటే అవి స్టెరాయిడ్లు. డాక్టర్ చీటీ లేకుండా ముఖానికి వాడాల్సినవి కావు. మొదట్లో తెల్లగా అనిపిస్తుంది. తర్వాత చర్మం పల్చబడి, కాస్త ఎండ తగిలినా ముఖం ఎర్రబడి మండుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లినా బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి, అది కూడా మాన్పించండి. స్టెరాయిడ్ క్రీమును వారాల తరబడి వాడిన అమ్మాయి ఒక్కసారిగా ఆపేస్తే ముఖం ఇంకా ఎక్కువ మండి, ఎర్రగా వాచి, భయపడి మళ్లీ అదే పూసుకుంటుంది. ఎలా తగ్గిస్తూ మానాలో డాక్టరే చెప్పాలి. అందుకే ఆ ట్యూబును పారేయనివ్వకుండా, తల్లితో పాటు చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి పంపండి.