అగ్నిశిఖ దుంప మొలకెత్తకపోతే ఏం చేయాలి?

సంక్రాంతి తర్వాత అగ్నిశిఖ దుంపను కుండీలో నాటి రోజూ నీళ్లు పోస్తున్నా మొలక రాలేదని, తవ్వి చూడవచ్చా అని అడిగారు. ముందు నీళ్లు ఆపండి. అడవినాభి అని కూడా పిలిచే ఈ మొక్క మన ప్రాంతంలో తొలకరికి లేచి, వానాకాలమంతా పాకి పూసి, చలికాలానికి తీగ ఎండిపోయి, దుంపగా మాత్రమే నేలలో మిగులుతుంది. ఆ విశ్రాంతి కాలంలో తడి నిలిస్తే దుంప కుళ్లిపోతుంది కనుక, మా పెరట్లో తీగ ఎండినప్పటి నుంచి మే చివరి వరకు నేను ఆ మడికి నీరు పెట్టను.

తవ్వక తప్పదనుకుంటే చేత్తోనే మట్టి తీయండి. ఆలుగడ్డకు ఉన్నట్లు దీనికి ఒంటినిండా కళ్లు ఉండవు; మొలిచే కన్ను దుంప కొనలోనే ఉంటుంది, ఆ కొన విరిగితే ఎంత లావు దుంపైనా మొలవదు. కొన చెక్కుచెదరకుండా, దుంప గట్టిగా ఉంటే, నీరు నిలవని ఇసుక కలిపిన ఎర్రమట్టిలో రెండంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టి, తొలకరి దాకా వేచి ఉండండి.

మొలక వచ్చాక ఆసరా ముఖ్యం. ఆకు కొనే సన్నగా సాగి నులితీగలా చుట్టుకుంటుంది కనుక లావైన వెదురు గడ దానికి పట్టు దొరకనివ్వదు. ఎండిన గోరింట పుల్లలు గానీ, నైలాన్ వల గానీ కడితే ఒక్కో ఆకూ మెలి తిరిగి పట్టుకుంటుంది. పువ్వు తల వంచుకునే పూస్తుంది, అలల అంచుల రేకులు మాత్రం వెనక్కి, పైకి తిరుగుతాయి. విచ్చినప్పుడు ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగు క్రమంగా నిప్పు ఎరుపుకు మారడం ఎన్నేళ్లు చూసినా నాకు తనివి తీరదు. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. పువ్వులో పుప్పొడిని అందుకునే కాడ, అంటే కీలం, పుప్పొడికి దూరంగా పక్కకు వంగి ఉంటుంది కాబట్టి విత్తనం కోసం దీన్ని సాగుచేసే అక్కడి రైతులు చేత్తో పరాగసంపర్కం చేస్తారు. మీకూ విత్తనం కావాలంటే సన్నని కుంచె చాలు.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది విషం గురించి. గౌట్ అనే కీళ్లవాతానికి మందుగా వాడే కొల్చిసిన్ అనే విషపదార్థం ఈ మొక్క అంతటా, ముఖ్యంగా దుంపలోనూ గింజల్లోనూ ఉంటుంది. దుంపను కూరగడ్డ అనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. తాకేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, తవ్వి దాచే దుంపల డబ్బా మీద పేరు రాసి, వంటగదికీ పిల్లలకూ దూరంగా తాళం వేసి ఉంచండి.