ఫినిష్ లైన్ దగ్గర సీటు కొనాలా?

ప్రశ్న: నేనూ, పదేళ్ల మా అబ్బాయీ మొదటిసారి ఓ పెద్ద అథ్లెటిక్స్ మీట్ చూడబోతున్నాం. ఇంతవరకూ టీవీలో 100 మీటర్ల పరుగు చూడడమే తప్ప స్టేడియంలో అడుగుపెట్టింది లేదు. ఫినిష్ లైన్ దగ్గర సీట్లు బాగా ఖరీదు. అయినా అవే కొనాలా? ఒకేసారి మూడు నాలుగు పోటీలు జరుగుతాయట, ఏది చూడాలో తెలీక తికమకపడతామేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: కొనకండమ్మా. ఫినిష్ లైన్‌కి ఎదురుగా కూర్చున్నా ఎవరు గెలిచారో కంటికి అందదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల ఫైనల్ గుర్తుందా? నోవా లైల్స్, కిషేన్ థాంప్సన్ ఇద్దరి టైమూ 9.79 సెకన్లే. వెయ్యో వంతు దాకా వెళ్తే 9.784, 9.789. లైల్సే తాను ఓడిపోయాననుకున్నాడు! గీత దాటడానికి తల, చెయ్యి, కాలు లెక్కలోకి రావు, మొండెం దాటాలి. అది తేల్చేది ఫొటోనే. ఖరీదైన సీటులో ఉన్నా మీరూ బోర్డు వైపే చూడాలి.

మీట్లలో లాంగ్ జంప్ పిట్ (దూకినవాళ్లు పడే ఇసుక గుంట) దగ్గర జెండాలు పట్టుకుని నిలబడ్డవాణ్ణి కాబట్టి నాకు పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నాను. పిట్‌కి దగ్గరగా, కింది వరుసల్లో సీట్లు తీసుకోండి. అది ఎటువైపు ఉంటుందో ఒక్కో స్టేడియంలో ఒక్కోలా ఉంటుంది, మ్యాపు చూసుకోండి.

ఇక తికమక సంగతి. జంపులు, త్రోల లాంటి ఒక్క ఫీల్డ్ ఈవెంట్‌ని ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా వదలకండి. మధ్యలో పరుగు మొదలైతే అది చూసి మళ్లీ ఇటు తిరగండి. బాబు చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి ఎవరు ఎంత దూకారో రాయమనండి. లాంగ్ జంప్ ఫైనల్లో మామూలుగా తలా మూడు జంపులు, ఆపైన మొదటి ఎనిమిది మందికే మరో మూడు. అందుకే మూడో రౌండ్‌లో ఎనిమిదో స్థానం కోసం జరిగే కొట్లాట నాకు పతకాల పోటీ కన్నా ఇష్టం. రెండు ఫౌల్స్ (గీత దాటి కాలు పెట్టడం) చేసి వచ్చినవాడి మొహం చూడాలి! తెల్ల జెండా లేస్తే జంప్ చెల్లినట్టు, ఎర్రదైతే ఫౌల్.

దూరంతో పాటు గాలి అంకె కూడా రాయించండి. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ జంప్ రికార్డుకి పనికిరాదు, పతకానికి మాత్రం చెల్లుతుంది. 1991 టోక్యో ప్రపంచ పోటీల్లో కార్ల్ లూయిస్ అలాంటి గాలిలోనే 8.91 మీటర్లు దూకాడు. తర్వాతి రౌండ్‌లోనే మైక్ పావెల్, గాలి పరిమితి లోపల ఉండగా, 8.95 దూకేశాడు. బంగారు పతకం అతనిదే, ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే.

జంపర్ చేతులెత్తి చప్పట్లు అడిగితే మొహమాటపడకుండా కొట్టండి. స్ప్రింట్‌లో 'సెట్' అన్నాక మాత్రం బాబుని కిక్కురుమననివ్వొద్దు. తుపాకీ మోగకముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్, ఇప్పుడు ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే ఇంటిదారి. 2011లో దక్షిణ కొరియాలోని డేగులో జరిగిన ప్రపంచ పోటీల 100 మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ అలాగే బయటికి వెళ్లాడు.

టోపీ, నీళ్లు, బైనాక్యులర్స్ సరే. 10,000 మీటర్లంటే 25 రౌండ్లు కదా, ఈలోపు బాత్రూమ్‌కి వెళ్లొద్దామని చాలామంది లేస్తారు. వెళ్లండి గానీ, ఆఖరి రౌండ్ గంట మోగేలోపు సీట్లో ఉండండి.

పోల్ వాల్ట్ (పొడవాటి కర్ర ఊతంతో బార్ మీదుగా దూకడం) ఉన్న రోజైతే ఇంటికి ఎలా చేరాలో ముందే చూసుకోండి. బార్ దాటేవాడు ఉన్నంతసేపూ అది సాగుతూనే ఉంటుంది. 2025 టోక్యో ప్రపంచ పోటీల్లో బంగారు పతకం ఖాయమయ్యాక కూడా స్వీడన్ పోల్ వాల్టర్ డుప్లాంటిస్ బార్‌ని 6.30 మీటర్లకు పెట్టించుకున్నాడు. రెండుసార్లు తప్పి, మూడోసారి దాటి, తన ప్రపంచ రికార్డు తనే మార్చుకున్నాడు. ఆ టైముకి మీరు గేటు దగ్గర ఉండకూడదు కదా.