నీ కాలికి అలవాటైన బండి

విజయవాడ, ఆటోనగర్

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు చేసిన గేరు ఒంటిచక్రం బండిని తొక్కుతూ పంపిన వీడియో మీ అత్తకు కూడా చూపించాను. "వీడికి రెండో చక్రానికి డబ్బులు చాల్లేదా?" అంది. నేను నాలుగుసార్లు చూశాను. మొదటిసారి నిన్ను చూశాను, మిగతా మూడుసార్లూ నీ కుడి మడమనే చూశాను. గేరు మార్చేటప్పుడు పాదం కాస్త బయటికి తిప్పి, మడమతో బొడిపె నొక్కి, ఆ వెంటనే ఒళ్ళు ముందుకు వంచుతున్నావు. అలా ఎందుకు చేస్తున్నావని అడిగితే బహుశా "ఏమో మావయ్యా, అలా వచ్చేస్తుంది" అంటావు. నాచేత ఈ ఉత్తరం రాయించింది ఆ వచ్చేయడమే.

ఒంటిచక్రం బండికి ఇంట్లో గేరు చేసుకోవడం చిన్న పని కాదు. స్విట్జర్లాండ్‌లో ఫ్లోరియన్ ష్లుంఫ్ చేసిన హబ్బు, అంటే చక్రం నడుమ గేర్లుండే భాగం, దాని బొమ్మ నువ్వు చూపించినప్పుడు, దీన్ని మన లేతు మీద ఎవడు తీస్తాడులే అనుకున్నాను. తీశావు. సంతోషం. ఇప్పుడు దాన్ని గుంటూరులో నలుగురికీ, ఇక్కడ ఇద్దరికీ వంతులవారీగా ఇచ్చి తొక్కిస్తానంటున్నావు. ఇవ్వు. కానీ ఇచ్చే ముందు నీ ఒళ్ళు దాస్తున్న లోపాలన్నీ బయటికి లాగాలి.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఊళ్ళోకి సర్కస్ వచ్చింది. అది చూసొచ్చి నేనూ ఒక ఒంటిచక్రం చేశాను. పాత సైకిలు చక్రం, దాని ఇరుసుకే పెడళ్ళు తగిలించే క్రాంకులు, వాటిని ఇరుసుకి బిగించే కాటరు పిన్నులు. గేరూ లేదు, పాడూ లేదు. ఎడమ కాటరు కాస్త వదులు. పెడల్ కిందికి వచ్చినప్పుడల్లా 'టక్' మనేది. మొదటి వారం విసుగేసింది. తర్వాత నాకు తెలియకుండానే ఆ చోటికి వచ్చేసరికి కాలు తేలిక చేయడం అలవాటైపోయింది. నెల తిరిగేసరికి ఆ 'టక్' నాకు వినిపించడమే మానేసింది. అప్పుడు నా స్నేహితుడొకడు అడిగితే ఇచ్చాను. ఏలూరు కాలవ గట్టు మీద వాడు మామూలుగా, బలంగా తొక్కాడు. కాటరు ఊడింది. వాడి మణికట్టు విరిగింది. "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. దాచాలని దాచలేదురా. చెప్పాల్సిందొకటి ఉందనే నాకు గుర్తు లేదు.

నీ బండి సంగతికి వద్దాం. లోపలి లెక్క సరిగ్గానే ఉంది. నడుమ గేరుకి, అదే మనం సూర్యుడు అనేదానికి, 30 పళ్ళు, చుట్టూ తిరిగే మూడు పిల్లగేర్లకి 15 చొప్పున, బయటి రింగుకి 60. సూర్యుణ్ణి కదలకుండా పట్టి, పిల్లగేర్లను మోసే పలకను పెడల్‌తో తిప్పితే రింగు ఒకటిన్నర రెట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం పెడల్ ఒక చుట్టుకి 2.2 మీటర్లు పోయేది కాస్తా 3.3 మీటర్లు పోతుంది. 42 అంగుళాల చక్రం ఎక్కినట్టే. ఇంతవరకూ బాగుంది. కానీ చక్రానికి అందే బలం మూడింట రెండు వంతులే. మిగిలిన ఒక వంతు ఎటు పోతుందో ఆలోచించావా? సూర్యుణ్ణి పట్టుకుని ఉన్న ఆ చిన్న ఇనప చెయ్యి మీదకి పోతుంది. 70 కిలోల మనిషి ఆరున్నర అంగుళాల క్రాంకు మీద బరువంతా వేశాడనుకో. నీ చెయ్యి పొడవు 10 సెంటీమీటర్లు కదా, దాని కొసన దాదాపు 38 కిలోల తోపుడు పడుతుంది. అది నిలకడగా నిలబడితేనే. గతుకులో ఎగిరి పడితే ఎంత పడుతుందో నువ్వే ఊహించుకో. దాన్ని ఫోర్కుకి ఒక్క బోల్టుతో బిగించావు. ఆ బోల్టు చూసి నాకు టెన్షన్ వచ్చింది.

"ఇప్పటికి నలభై కిలోమీటర్లు తొక్కాను, ఏమీ కాలేదు" అన్నావు. అందులో పై గేరులో ఎన్ని? కింది గేరులో సూర్యుడూ పలకా కలిసే తిరుగుతాయి, అప్పుడు ఆ చేతి మీద బరువే పడదు. కింది గేరులో నువ్వు తిరుపతి దాకా తొక్కినా ఆ బోల్టు గురించి తెలిసేది సున్నా. నీ బరువేమో 58 కిలోలు. నీ గుంటూరు జట్టులో ఒకడు 85 ఉంటాడని నువ్వే చెప్పావు.

కాబట్టి రోడ్డెక్కే ముందు బల్ల మీద పరీక్ష. చక్రాన్ని గట్టిగా బిగించి, పై గేరులో పెట్టి, పెడల్ అడ్డంగా ఉంచి నువ్వూ నీ స్నేహితుడూ ఇద్దరూ దాని మీద మెల్లగా నిలబడండి. తర్వాత వెనక్కి తొక్కే వైపు కూడా అంతే. మామూలు సైకిలుకి వెనక్కి తొక్కే బాధ లేదు, ఫ్రీవీలు ఉంటుంది. దీన్ని ఆపాలన్నా, నిలబెట్టాలన్నా వెనక్కి ఒత్తాల్సిందే, కాబట్టి ప్రతి పన్నూ రెండు వైపులా దెబ్బ తింటుంది. ముందుగా ప్రతి నట్టు మీదా, కాటరు మీదా, ఆ చేతి బోల్టు మీదా తెల్ల పెయింటుతో పక్క ఇనుము దాకా ఒక సన్న గీత గియ్యి. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. మా షాపులో కొత్త కుర్రాళ్ళకి నేను మొదట నేర్పేది ఇదే, వాళ్ళు మొదట మర్చిపోయేదీ ఇదే.

ఆడు, అంటే గేర్ల మధ్య ఉండే వదులు, అది కూడా కొలిచి పెట్టు. చక్రం బిగించే ఉంటుంది కదా, పెడల్ కొసకి పెన్సిల్ కట్టి, వెనక అట్ట ముక్క పెట్టి, పెడల్‌ని ముందుకీ వెనక్కీ ఆడించు. గీత ఎంత పొడవు పడిందో స్కేలుతో కొలిచి, ఆ అట్ట మీదే తేదీ వెయ్యి. పది కిలోమీటర్లు పై గేరులో తొక్కి మళ్ళీ గియ్యి. గీత మొదటిసారి ఎంత ఉన్నా నేను పెద్దగా పట్టించుకోను, గేర్లన్నాక కాస్త ఆడు తప్పదు. పెరుగుతుంటే మాత్రం హబ్బు విప్పాల్సిందే. విప్పినప్పుడు గ్రీజు కాస్త వేలికి రాసుకుని ఎండలో పెట్టి చూడు. కొత్త గేర్లు ఒకదానితో ఒకటి సర్దుకునేటప్పుడు మొదటిసారి మెరుపు రవ్వలు కనిపిస్తాయి. కడిగి, కొత్త గ్రీజు పెట్టి, ఇంకో పది తొక్కాక కూడా అన్నే రవ్వలుంటే పళ్ళు అరిగిపోతున్నట్టు లెక్క. సూర్యుణ్ణి ఈఎన్‌8 రకం ఉక్కులో కోసి, హీట్ ట్రీట్‌మెంట్ చేయించకుండానే వేశావని నాకు అనుమానం. అవునో కాదో చెప్పు. అవునైతే దానికన్నా గట్టిదైన ఈఎన్‌24 ఉక్కులో ఇంకోటి కోయిద్దాం, హార్డెనింగ్ సంగతి నేను చూసుకుంటాను.

ఇక ఆ మడమ. గేరు మారేటప్పుడు బొడిపె తోసే పిన్ను సూర్యుణ్ణి పలక నుంచి విడిపించి ఫ్రేముకి కడుతుంది. సగంలో ఆగిందంటే సూర్యుడు ఎవరికీ కట్టుబడి ఉండడు, పెడల్ గాలిలో తిరిగినట్టు తిరుగుతుంది. రెండు చక్రాల సైకిలు మీద ఇది చికాకు. నీ బండి మీద ఇది నేరుగా మూతి నేలకి కొట్టుకోవడం. నీ పిన్ను సగంలో ఆగుతోంది రా. ఆగుతోందని నీ మడమకి తెలుసు, అందుకే ఆ వంకర. అది గేరులో పడే అర సెకను సేపు పట్టు ఉండదని నీ నడుముకి తెలుసు, అందుకే ఆ వంగడం. ఇవేవీ తెలియనివాడు నిటారుగా కూర్చుని బొడిపె తడతాడు.

బండిని తలకిందులుగా పెట్టి చేత్తో గేరు మార్చు. ఒక రెండు వందల సార్లు. క్రాంకు ఏ కోణంలో ఉన్నా మార్చు. కావాలనే సగం నొక్కి వదిలెయ్యి. ఏదో ఒక వైపుకి 'క్లిక్' మని తనంతట తానే పోవాలి. పోకపోతే పిన్నులో స్ప్రింగు బలం చాలలేదు, లేదా పిన్నుని నిలిపే చిన్న ఉక్కు బాలు కూర్చునే గుంట లోతు చాలలేదు. అది సరిచేసేదాకా బండి నీ గుమ్మం దాటకూడదు.

ఇంకో సంగతి నీకు తట్టి ఉండదు. నీ చెప్పు సైజు ఏడు. పదో నంబరు బూటు వేసుకున్నవాడు మామూలుగా తొక్కుతున్నా మడమ ఆ బొడిపెకి రాసుకుంటుంది. వాడు అడక్కుండానే గేరు మారిపోతుంది. ఒక పెద్ద పాదాలవాణ్ణి పిలిచి, గోడ పట్టుకుని ఎక్కించి, పక్కన కూర్చుని కళ్ళతో చూడు. బొడిపె ఇంకా లోపలికి దించాలేమో అప్పుడు తెలుస్తుంది. బూటు లేసులు లోపలికి దోపుకోమను, వదులు ప్యాంటు వద్దను.

ఎక్కడ తొక్కాలంటావా? మీ బ్రాడీపేట అడ్డరోడ్లు వద్దు, ప్రతి మూలా ఒక స్కూటరు పుట్టుకొస్తుంది. స్టేడియంలో అడిగి పొద్దున్నే ఒక అరగంట తీసుకో. మా వైపు వస్తే అమరావతి వెడల్పు రోడ్లున్నాయి. ఎండ ముదిరాక వద్దు, విజయవాడని బ్లేజ్‌వాడ అన్నది ఊరికే కాదు. మీవాళ్ళు ప్రకాశం బ్యారేజీ మీద ఫొటో దిగాలని సరదా పడుతున్నారని విన్నాను. 1957 నాటి బ్యారేజీ, ఎప్పుడూ బండ్ల రద్దీ, ఏటి గాలి పక్కనుంచి తోస్తుంది. ఫొటో కావాలంటే బండి పక్కన నిలబడి కింద ఘాట్ దగ్గర దిగండి.

వేగం సంగతి కూడా వాళ్ళకి ముందే చెప్పు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే కింది గేరులో గంటకి 12 కిలోమీటర్లు, పై గేరులో 18. పన్నెండులో పడబోతే నాలుగడుగులు పరిగెత్తి నిలదొక్కుకుంటారు. పద్దెనిమిదిలో కాళ్ళు అందవు, చేతులే ముందు నేల తాకుతాయి. అందుకని హెల్మెట్ ఒక్కటే చాలదు, మణికట్టు గార్డులు లేనివాడికి బండి ఇవ్వకు. మొదట ఎవరికివ్వాలన్నది కూడా చూసుకో. గేరు లేని ఒంటిచక్రం మీద కనీసం అయిదు కిలోమీటర్లు దిగకుండా పోగలిగినవాడికివ్వు. సైకిలు బాగా తొక్కుతాడు, బైకు బాగా నడుపుతాడు అనేవి ఇక్కడ పనికిరావు.

బండి చేతులు మారేటప్పుడు దానితో పాటు ఒక చిన్న నోటుబుక్కు కూడా పోవాలి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలా రాయండి. ఎవరు, ఏ తేదీ, ఏ గేరులో ఎన్ని కిలోమీటర్లు, ఏం చప్పుడైంది, తెల్లగీత ఏదైనా విరిగిందా. మొదటి పేజీలో నీకు తెలిసిన లోపాలన్నీ నువ్వే రాయి. సిగ్గుపడకు. "చాలా బాగుంది మామా" అని రాసేవాడి మాట నీకు ఎందుకూ పనికిరాదు. "ఎడమ మలుపులో ఏదో కిర్రుమంటోంది" అని రాసినవాడికి టీ ఇప్పించు. తిరిగొచ్చాక వాడు ఎలా తొక్కుతున్నాడో నువ్వూ ఒకసారి చూడు. వాడి ఒళ్ళు కూడా అప్పటికే ఏదో ఒకటి సర్దుకోవడం మొదలుపెట్టి ఉంటుంది.

ఆర్టీసీ పార్సిల్‌లో వేస్తే పెడళ్ళు విప్పి వెయ్యి. విప్పేముందు క్రాంకుల మీద, పెడళ్ళ మీద కుడి, ఎడమ అని పెయింటుతో రాయి. ఎడమ పెడల్‌ది తిరగమర. తెలియనివాడు బలవంతంగా బిగిస్తే మర పోతుంది, క్రాంకే పారెయ్యాలి. ఫోర్కు మీద ముందు వైపుకి ఒక బాణం గుర్తు కూడా వెయ్యి. సీటు తిరగేసి బిగించుకుని బండిని వెనకముందులుగా తొక్కినా తేడా తెలియదు, కానీ తొక్కేకొద్దీ పెడళ్ళు వాటంతటవే వదులవుతాయి.

డబ్బు మాట ముందే అనుకోండి. నా లెక్కలో లోపలి గేర్లు అరిగినా విరిగినా ఖర్చు నీదే, చేసింది నువ్వు కాబట్టి. రిమ్ము వంగినా సీటు చిరిగినా తొక్కినవాడిది. మీ ఆరుగురూ ఇంకోలా ఒప్పుకుంటే అలాగే కానీయండి. డ్రాయింగు అడిగితే ఇచ్చెయ్యి, దాచుకునేంత రహస్యం అందులో లేదు. కాకపోతే ఏ కొలత వందో వంతు మిల్లీమీటరు దాకా పట్టాలో, ఏది కాస్త అటూఇటూ ఉన్నా పరవాలేదో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి ఇవ్వు.

ఆదివారం షాపుకి సెలవు, వైసు ఖాళీ. పొద్దున్నే బస్సెక్కితే టిఫిన్ టైముకి ఇంట్లో ఉంటావు. మీ అత్త పెసరట్టు వేస్తానంది, రెండో చక్రం గురించి ఇంకా నాలుగు మాటలంటుంది, విను. హబ్బు విప్పకుండా అలాగే తీసుకురా. మొన్న విప్పినప్పుడు తుడిచిన గుడ్డ ఉంటుంది చూడు, అది ఉతక్కు, కవర్లో చుట్టి అదీ తీసుకురా.

మీ మావయ్య