పారిస్ దాకా వచ్చిన సైన్యం కందకాల్లోకి ఎందుకు దిగింది?

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో, 1914 ఆగస్టులో బెల్జియంలోకి చొరబడిన జర్మన్ సైన్యం నెల తిరిగేసరికి పారిస్ దరిదాపులకు చేరిందని చదివాను. అంత వేగంగా కదిలిన సైన్యం ఆ తర్వాత నాలుగేళ్లు కందకాల్లోనే ఎందుకు ఉండిపోయింది? జర్మన్ కందకాలు బ్రిటిష్, ఫ్రెంచి కందకాల కంటే మెరుగైనవన్న మాట నిజమేనా? చివరికి ఆ ప్రతిష్టంభన ఎలా తొలగింది?
– ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: ఆ వేగంలోనే వైఫల్యానికి బీజం ఉంది. రష్యా తన సైన్యాన్ని పూర్తిగా సమీకరించుకొనే లోపల, అంటే సుమారు ఆరు వారాల్లో, ఫ్రాన్సును ఓడించి తూర్పుకు తిరగాలన్నది జర్మన్ల అంచనా. ఇందుకోసం బెల్జియం మీదుగా చుట్టి వచ్చిన కుడి పార్శ్వపు సైనికులు ఎండలో, వీపున బరువుతో, రోజుకు 20 కిలోమీటర్లకు పైగా నడిచారు. బెల్జియంలో రైలు మార్గాలు, వంతెనలు దెబ్బతినడంతో తిండి, మందుగుండు వారి వెంట సకాలంలో చేరలేదు. పైగా తూర్పు ప్రష్యాలో రష్యన్ల ఒత్తిడి చూసి సేనాధిపతి మోల్ట్కే రెండు కోర్ల (కోర్ అంటే కొన్ని డివిజన్లతో కూడిన పెద్ద సేనా విభాగం; డివిజన్‌లో వేలమంది సైనికులుంటారు) సైన్యాన్ని పడమటి నుంచి అటు పంపించాడు. అవి చేరేలోపే టానెన్‌బర్గ్ యుద్ధం జర్మన్ల విజయంతో ముగిసింది! ఇటు ఫ్రెంచి సేనాని జోఫ్ర్ చెక్కుచెదరని తన రైళ్లలో బలగాలను పారిస్ వైపు తరలించుకోగలిగాడు. సెప్టెంబరు తొలివారంలో మార్న్ నది వద్ద జర్మన్ సేనానులు క్లుక్, బ్యూలోల సైన్యాల మధ్య పెద్ద ఖాళీ ఏర్పడి, బ్రిటిష్, ఫ్రెంచి దళాలు అందులోకి చొచ్చుకు రావడంతో, 9వ తేదీన జర్మన్లు వెనుదిరిగారు.

వారు ఎక్కడ ఆగారన్నది ముఖ్యం. ఎన్ నదికి ఉత్తరాన ఉన్న మెట్టపైకి ఎక్కి, అక్కడ తవ్వడం మొదలుపెట్టారు. మోల్ట్కే స్థానంలో వచ్చిన ఫాల్కెన్‌హైన్ ఆ తర్వాత ఉత్తరాన శత్రువును చుట్టుముట్టే ప్రయత్నాలు చేశాడు, ఎదుటివారూ అదే చేశారు. అలా ఒకరినొకరు దాటిపోవాలని చూస్తూ ఇరుపక్షాలూ ఉత్తర సముద్రాన్ని చేరాయి. అక్టోబరు చివర బెల్జియన్లు తూములు తెరిచి ఈజర్ నదీతీర భూములను ముంపునకు గురిచేసి ఆ దారినీ మూసేశారు. ఏడాది ముగిసేసరికి సముద్రం నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా సుమారు 700 కిలోమీటర్ల మేర కందకాల వరుస నిలిచింది.

ఆ వరుసను ఛేదించడం అసాధ్యమేమీ కాదు. ఛేదించాక ముందుకు సాగడమే కష్టమైంది. 1915 మార్చి 10న న్యూవ్ షపెల్ గ్రామం వద్ద దాడికి దిగిన బలగంలో దాదాపు సగం భారతీయ కోర్‌కు చెందినది. 35 నిమిషాల ఫిరంగి కాల్పుల తర్వాత వారు జర్మన్ కందకాలను దాటి ఉదయమే గ్రామాన్ని పట్టుకున్నారు. అయితే తెగిన టెలిఫోన్ తీగల వల్ల వెనుకనున్న అధికారులకు సమాచారం అందేసరికి గంటలు గడిచిపోయాయి, ఈలోగా జర్మన్లు అదనపు దళాలను రప్పించుకున్నారు. కాపాడుకొనేవాడు రైలులో వస్తాడు. దాడి చేసేవాడు తన ఫిరంగులే ఛిన్నాభిన్నం చేసిన నేల మీద కాలినడకన వెళ్లాలి. నాలుగేళ్ల ప్రతిష్టంభనకు మూలం ఇదే. మెషీన్ గన్, ముళ్లకంచె తమ వంతు చేసినా, అవే అసలు కారణమని చెప్పే పాఠ్యపుస్తకాలతో నేను పూర్తిగా ఏకీభవించను. రైళ్లు పలుచగానూ, యుద్ధరంగం ఎంతో విశాలంగానూ ఉన్న తూర్పున అదే ఆయుధాలతో 1915 మేలో గోర్లిత్సె–టార్నుఫ్ వద్ద రష్యన్ వరుసను చీల్చిన జర్మన్లు ఆగస్టు నాటికి వార్సాను చేరుకున్నారు.

ఇక రెండో ప్రశ్నకు వస్తే, చాలాచోట్ల ఆ మాట నిజమే. జర్మన్లు నిలిచింది ఆక్రమించిన పరాయి నేల మీద. దాన్ని పట్టి ఉంచుకుంటే వారికి చాలు. కొంత భూమి వదిలి వెనుకనున్న ఎత్తైన, పొడి ప్రదేశాన్ని ఎంచుకొనే వెసులుబాటు కూడా వారికి ఉండేది. ఫ్రెంచివారు స్వదేశంలో అంగుళం వదులుకోలేరు, బ్రిటిష్ అధికారులేమో కందకాన్ని తదుపరి దాడికి మజిలీగానే చూశారు. సోమ్ ప్రాంతపు సుద్దనేలలో జర్మన్లు ఆరు నుంచి తొమ్మిది మీటర్ల లోతున గదులు తవ్వి, పడకలు, విద్యుద్దీపాలు అమర్చుకున్నారు. 1916లో బ్రిటిష్ ఫిరంగులు వారం రోజులపాటు సుమారు 15 లక్షల గుండ్లు కురిపించినా ఆ గదుల్లో చాలా భాగం నిలిచాయి. జులై 1న కాల్పులు తమను దాటి వెనుక వరుసల వైపు జరగగానే లోపలివారు మెషీన్ గన్లతో పైకి వచ్చారు. ఆ ఒక్కరోజే బ్రిటిష్ పక్షాన మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిపి 57,470 మంది కాగా, వారిలో మృతులు 19,240 మంది.

అయినా జర్మన్లు కాపలాకే పరిమితమై ఉంటే లెక్క వేరు. అదే ఏడాది ఫిబ్రవరి 21న ఫ్రెంచి కోటపట్టణం వెర్డన్‌పై ఫాల్కెన్‌హైన్ మొదలుపెట్టిన దాడి డిసెంబరు దాకా సాగి, ఇరుపక్షాలా కలిపి సుమారు మూడు లక్షల ప్రాణాలను బలిగొంది. అతని తర్వాత వచ్చిన హిండెన్‌బర్గ్, లూడెన్‌డార్ఫ్ 1917 తొలి నెలల్లో సైన్యాన్ని కావాలనే వెనక్కి తెచ్చి, ముందే సిద్ధం చేసిన హిండెన్‌బర్గ్ రేఖపై నిలిపారు. దీనితో యుద్ధరేఖ కురచబడి, పదికి పైగా డివిజన్లు చేతికి మిగిలాయి. పోతూ పోతూ వారు ఊళ్లను కూల్చారు, పండ్లతోటలను నరికారు, బావులను పాడుచేశారు. సైనికంగా తెలివైన ఈ పని జర్మనీకి తెచ్చిపెట్టిన అపఖ్యాతి కూడా తక్కువ కాదు.

ప్రతిష్టంభన 1918లో తొలగింది. రష్యా యుద్ధం నుంచి వైదొలగడంతో తూర్పు నుంచి వచ్చిన డివిజన్లను కూడగట్టి మార్చి 21న లూడెన్‌డార్ఫ్ దాడి చేశాడు. 6,600 ఫిరంగుల వెనుక, బలమైన స్థావరాలను పక్కన వదిలి సందుల్లోంచి చొచ్చుకుపోయే ప్రత్యేక దళాలు కొన్నిచోట్ల 60 కిలోమీటర్లకు పైగా సాగాయి. కానీ 1914 నాటి సమస్యే మళ్లీ ఎదురైంది: తిండి, ఫిరంగులు వెనుకబడ్డాయి, గుర్రాలు చాలలేదు, నష్టపోయిన ఉత్తమ సైనికులను భర్తీ చేయడానికి మనుషులు లేరు. ఆగస్టు 8న అమియాఁ వద్ద వందల టాంకులతో మిత్రపక్షం తిరగబడింది. ఒకేచోట లోతుగా చొచ్చుకుపోవాలన్న పట్టుదల మాని, ఒక చోట ఊపు తగ్గగానే మరో చోట దెబ్బ కొడుతూ వచ్చింది. అమెరికన్ దళాలు పెరుగుతుండగా, ఏ రైలులో ఎక్కడికి పంపాలన్నా జర్మన్ల వద్ద అదనపు దళాలు మిగలలేదు. సెప్టెంబరు 29న సాఁ కాఁతాఁ కాలువ వద్ద హిండెన్‌బర్గ్ రేఖ తెగింది. అదే రోజున వెంటనే యుద్ధవిరమణ కోరాలని లూడెన్‌డార్ఫ్ తన ప్రభుత్వంపై పట్టుబట్టాడు.