ఉపగ్రహ సమాచార సేవలను వాడుకునేవారి అవసరాలకు తగ్గట్టు సమన్వయం చేయడం ఎలా?

చెరువులు, పంటలు, తీరప్రాంతంపై ఉపగ్రహ సమాచారం ఇచ్చే విభాగాలను మీ జిల్లాలో ఒక్క తాటిపైకి తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. కాకినాడ తీరంలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున మత్స్యకారులకు వేట సూచనలు చేరవేసే పని చేశాను కనుక, ఆ అనుభవంతోనే సమాధానం రాస్తున్నాను. విభాగాల జాబితా తర్వాత తయారు చేసుకోవచ్చు. సమాచారం అందుకునే మనిషి ఏ నిర్ణయాన్ని ఏ వేళకు తీసుకుంటాడో ముందుగా తెలుసుకోండి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితాన్ని ఉపగ్రహాల ద్వారా గమనించి, చేపలు ఎక్కువగా చేరే అవకాశమున్న ప్రాంతాలను సూచిస్తుంది. వెచ్చని నీరు, చల్లని నీరు కలిసే అంచుల దగ్గర ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి కోసం చేపలు వస్తాయి. శాస్త్రవేత్తకు ఇది రంగుల పటంగా కనిపిస్తుంది. రేవుకు చేరే సూచనలో మాత్రం ఆ రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరాన, ఎన్ని మీటర్ల లోతున అన్న వివరాలు తెలుగులోనే ఉంటాయి. పడవ నడిపే మా సరంగులు అందులో మొదట చూసేది లోతునే, ఎందుకంటే ఏ వల తీసుకెళ్లాలో దాన్ని బట్టే తేల్చుకుంటారు. వారు లోతును బారల్లో లెక్కిస్తారు కనుక మీటర్ల పక్కన బారలు కూడా బోర్డు మీద రాయడం మొదలుపెట్టాం. ఆ తర్వాత బోర్డు దగ్గర ఆగి చదివేవారు బాగా పెరిగారు. అలాగే, ఐసు ఎక్కించి డీజిల్ పోయించుకున్నాక అందే సూచన ఎంత కచ్చితమైనదైనా ఆ రోజుకు పనికిరాదు.

అందరి అవసరమూ ఒకటి కాదు. వంజరం, కవళ్ల కోసం పైనీటిలో వల వేసేవారికి ఈ సూచన నేరుగా ఉపయోగపడుతుంది, అడుగున ఈడ్చే వలలవారికి అంతగా ఉపయోగపడదు. ఒడ్డున నెత్తళ్లు ఎండబెట్టే ఆడవాళ్లకు కావలసింది మధ్యాహ్నం వాన పడుతుందా లేదా అన్నది, అది చెప్పేది వాతావరణ శాఖ. అలల ఎత్తు అంచనా ఇన్‌కాయిస్‌దే, వేట నిషేధం ప్రకటించేది ప్రభుత్వం. ఇవి విడివిడిగా చేరినప్పుడు ఒకే రోజున ఒకటి సముద్రంలోకి రమ్మన్నట్టూ, మరొకటి వద్దన్నట్టూ ఉంటుంది. అందుకే హెచ్చరిక ఉన్న రోజున అదే అన్నిటికన్నా పైన ఉండాలని, వేట సూచన దాని కింద మాత్రమే రావాలని మేము నియమం పెట్టుకున్నాం. నా దృష్టిలో సమన్వయంలో అసలు పని ఇదే.

మబ్బు పట్టినప్పుడు ఈ ఉపగ్రహాలకు నీరు కనిపించదు. అలాంటి రోజున ఊరుకోకుండా ‘మబ్బు వల్ల ఈ రోజు సూచన లేదు’ అని తప్పక రాయండి. కారణం చెప్పకుండా నాలుగు రోజులు ఆగితే సేవ నిలిచిపోయిందనుకుని జనం అడగడమే మానేస్తారు.

సమాచారం చేరే దారినీ అవసరమే నిర్ణయించాలి. 2017లో ఓఖి తుపాను సమయంలో తీరానికి దూరంగా ఉన్న కేరళ, తమిళనాడు పడవలకు హెచ్చరికలు అందలేదు, ఎందుకంటే మొబైల్ సిగ్నల్ ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే దొరకడం కష్టం. ఆ లోటు తీర్చడానికే 2019లో ఉపగ్రహం నుంచి నేరుగా సందేశం అందుకునే జెమిని పరికరాన్ని తెచ్చారు.

వేట నుంచి తిరిగొచ్చినవారి అనుభవం సూచన ఇచ్చేవారికి చేరడమూ ముఖ్యమే. అయితే మంచి చోటు దొరికిన సరంగు దాన్ని నలుగురిలో చెప్పడు, కాబట్టి ఆ వివరాలను విడిగా, పేరు బయటపెట్టకుండా తీసుకోవాలి.

మీ చెరువుల విషయంలో, తూము ఎప్పుడు ఎత్తాలో నీటి సంఘం ఏ వారంలో నిర్ణయిస్తుందో ముందు కనుక్కోండి. ఐరోపాకు చెందిన సెంటినల్-2 జంట ఉపగ్రహాలు 5 రోజులకొకసారి అదే చోటును చూస్తాయి, వానాకాలంలో మాత్రం మబ్బుల గుండా చూడగల సెంటినల్-1 రాడార్ చిత్రాలే మీకు పనికొస్తాయి.