ఆ బ్లీడింగ్ నెలసరి కాదమ్మా

అమ్మాయీ,

నిన్న ఫోన్‌లో "డేట్ దాటి పది రోజులైంది పెద్దమ్మా, ఇంకా రాలేదు" అని ఏడుపు గొంతుతో అన్నావు. ఏ డేట్ అని అడిగితే ప్రతి నెలా వచ్చే 12వ తేదీ అన్నావు. తిరకాసంతా అక్కడే ఉంది. అబార్షన్‌తో ఆ పాత లెక్క చెరిగిపోయింది. మాత్రలు వేసుకున్నాక బ్లీడింగ్ మొదలైన రోజునే ఒకటో రోజు అనుకో. అక్కడి నుంచి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో నెలసరి వస్తుంది. నీకు ఇప్పుడు నడుస్తున్నది ఐదో వారమే.

మొదట్లో రెండు వారాలు అయిన బ్లీడింగ్‌ను నెలసరి కింద వేసుకోకు. అది గర్భసంచి ఖాళీ అవుతూ వచ్చింది. కొందరికి ఆగుతూ, మళ్లీ కనబడుతూ నాలుగు వారాల దాకా సాగుతుంది.

మాత్రలతో అయినవాళ్లకు మొదటి నెలసరి కాస్త ఎక్కువగా, గడ్డలతో, నొప్పితో రావచ్చు. నాకు నీ వయసులో డి అండ్ సీ చేశారు, అంటే గర్భసంచి లోపలి పొరను గీకి తీసేయడం. తర్వాత నెలసరి ఒకటిన్నర రోజుతో సరి! లోపలి పొరను తీసేశాక మొదట తక్కువగా రావడం మామూలేనని ఎవరూ చెప్పలేదు, అడగడానికి సిగ్గు. నెలంతా టెన్షన్‌తో చచ్చాను. రెండు మూడు నెలలకు దానంతటదే సర్దుకుంది.

నువ్వు అడగకపోయినా ఒకటి చెప్పాలి. అండం విడుదలైన రెండు వారాలకు నెలసరి వస్తుంది. అంటే నెలసరి కనబడకముందే మళ్లీ గర్భం రావచ్చు. అబార్షన్ అయిన రెండు వారాలకే, కొందరికి ఇంకా ముందే అండం విడుదలవుతుంది. "పీరియడ్ వచ్చాక చూద్దాంలే" అని జాగ్రత్త వాయిదా వేసి మళ్లీ ఇరుక్కున్నవాళ్లను చూశాను. ఇప్పుడు పిల్లలు వద్దనుకుంటే గర్భనిరోధక మాత్రలైనా, ఇంకేదైనా వెంటనే మొదలుపెట్టొచ్చు, డాక్టర్‌ను అడుగు.

మధ్యలో కలిశారా లేదా నాకు చెప్పక్కర్లేదు. అనుమానం ఉంటే ఇంట్లో టెస్ట్ చేసుకో. పాత గర్భం హార్మోన్ నాలుగు వారాల దాకా ఒంట్లో ఉండి రెండో గీత చూపించగలదు. కాబట్టి గీత కనబడితే కంగారుపడకు, అలాగని వదిలేయకు కూడా. డాక్టర్ రక్తపరీక్షో స్కానింగో చేసి తేలుస్తారు. ఎనిమిది వారాలు దాటినా నెలసరి రాకపోతే ఎలాగూ వెళ్లాల్సిందే.

గంటకు రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోయినా, జ్వరం ఒక రోజు దాటినా, దుర్వాసన వచ్చినా, కడుపునొప్పి మాత్ర వేసుకున్నా తగ్గకపోయినా వారాలు లెక్కపెడుతూ కూర్చోకు. అర్ధరాత్రి అయినా ఫోన్ చెయ్యి, ఆస్పత్రికి నేను తోడొస్తాను. మీ అమ్మకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. నా నోటి నుంచి మాత్రం రాదు.

మీ పెద్దమ్మ