రక్తం బిందెడు ఉండాలి, అల్లుడూ

అల్లుడూ,

మైపాడు దగ్గర రొయ్యల చెరువుల మీద దయ్యం సినిమా తీస్తామని నువ్వు పంపిన కథ చదివాను. మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నా, వాడికి నువ్వైనా చెప్పు, ఈ చెత్త ఏందసలు" అంది. ఆమె నిన్ను మాన్పించమంది. నేనేమో ఎట్లా తీయాలో రాస్తున్నాను. ఈ సంగతి ఆమెకు చెప్పబాక.

కథలో నాకు నచ్చనిది ఒక్కటే, రక్తం తక్కువ. మెడ మీద సన్నగా చార కారితే చూసేవాడికి ఆసుపత్రి గుర్తొస్తుంది, కడుపులో తిప్పుతుంది. అదే మెడలోంచి మోటారు పైపులో నీళ్లలా చిమ్మి, ఎదురుగా ఉన్నవాడి మొహాన్ని తడిపి, వాడి చేతిలోని టీ గ్లాసును కూడా నింపిందనుకో, హాలంతా ఈలలే. మనిషి ఒంట్లో ఉండేది సుమారు ఐదు లీటర్లు. నువ్వు బిందెడు పోస్తే, ఇది ఆటే అని జనానికి అర్థమైపోతుంది. అప్పుడు ఎవడి తల తెగినా ధైర్యంగా నవ్వుతారు. అందుకే పొయ్యి, మొహమాటపడబాక.

ఇది నాకు చదివితే తెలిసింది కాదు. కావలి దగ్గర ఒక ఊళ్లో భారతం నాటకం వేసినప్పుడు మేకప్ నాదే. దుశ్శాసనుడి పొట్టకు కట్టిన సంచిలో కుంకుమ నీళ్లకు బదులు, చిక్కగా ఉంటుందని, పంచదార పాకంలో ఎర్ర రంగు కలిపి పోశాను. సాయంత్రమే కట్టేశాను, అదీ నా తెలివి. సీను వచ్చేసరికి చీమలు పట్టాయి. దుశ్శాసనుడు చస్తూ గోక్కుంటున్నాడు. భీముడికి ఆ రక్తం రుచిగా తగిలి, పద్యం ఆపి రెండో గుక్క కూడా తాగాడు. జనం పడీపడీ నవ్వారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ ఇద్దరూ మాత్రం నవ్వలేదు. గోక్కుంటూనే నిష్ఠగా చచ్చాడు, తాగుతూనే నిష్ఠగా చంపాడు. ఒక్కరు పళ్లికిలించినా ఆ నవ్వు అక్కడే చచ్చేది. మీ హీరోకి ఇదే చెప్పు. తెగిన చెయ్యి పాకుతూ తన వైపు వస్తుంటే వాడు నిజంగా వణకాలి. కామెడీ చేస్తున్నానని వాడికి తెలియనే కూడదు.

ఇదంతా చౌకబారు అనేవాళ్లు ఉంటారు. తోలుబొమ్మలాటలో ఒక పక్క లంకలో రాక్షసుల తలలు ఎగురుతుంటే, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి ఎంత మోటు మాటలు మాట్లాడేవాళ్లని! తెల్లవార్లూ కూర్చుని చూసిన మన పెద్దవాళ్లేమీ చెడిపోలేదు.

న్యూజిలాండ్‌లో పీటర్ జాక్సన్ అనే ఆయన 1987లో వచ్చిన తన మొదటి సినిమా 'బ్యాడ్ టేస్ట్'ను ఇట్లాగే స్నేహితులతో, సెలవు రోజుల్లో, నాలుగేళ్లు తీశాడు. గ్రహాంతరవాసుల మాస్కులు వాళ్లమ్మ ఓవెన్‌లో కాల్చాడు. తర్వాత ఆయనకు ఆస్కార్ వచ్చింది. నీకు వస్తుందని కాదు నేను చెప్పేది. ఆ మాస్కులు చవకవేగానీ, వాటి మీద పని మాత్రం మొక్కుబడిగా చేయలేదు. మాస్కు అంచు కనబడితే జనం మన్నిస్తారు. మీరు బద్ధకించారని తెలిస్తే మాత్రం లేచిపోతారు.

రక్తానికి పాకం తీగ రాకముందే దించు. ఎర్ర ఫుడ్ కలర్‌లో చిటికెడు కోకో పొడి వెయ్యి, లేకపోతే అది రోజ్ మిల్క్‌లా ఉంటుంది. షాట్‌కి పది నిమిషాల ముందు పోస్తే చాలు, చీమల సంగతి నీకు తెలిసిందేగా. చీముకి ఉడికించిన సగ్గుబియ్యం బాగుంటుంది. పేగుల కోసం చేపల మార్కెట్‌కి మాత్రం పోబాక. మన ఎండకు పదకొండు గంటలకల్లా దయ్యమే పారిపోతుంది.

చెరువులోంచి దయ్యం లేచే సీను ఉంది కదా, ఆ రాత్రికి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల కరెంటు తీయించకుండా ఎవరినీ నీళ్లలోకి దించబాక. చెరువు యజమానిని ముందే అడుగు. ఏరేటర్లు ఎక్కువసేపు ఆగితే రొయ్యలు చస్తాయి, అప్పుడు నిజం రక్తమే చూడాలి. స్టేషన్‌లో కూడా ఒక మాట చెప్పి ఉంచు. రక్తపు చొక్కాలతో టీకని బండి మీద బయటికి పోవద్దు.

పాత లుంగీలు, తువ్వాళ్లు ఒక మూట పంపిస్తున్నాను. పాకం మీ ఇంట్లోనే కాయాల్సొస్తే, అరిసెలకని చెప్పు మీ అమ్మకి.

మీ మామయ్య